ముందు నడక విను, బిడ్డా

బిడ్డా, మార్వాడి ఆడగుర్రం ఒకటి చూసొచ్చావట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, వీడియో కూడా పంపింది. సవారీ చేసేవాడు ఒక చేత్తో పగ్గం, ఇంకో చేత్తో చాయ్ కప్పు పట్టుకుని రహ్వాల్‌లో పోతున్నాడు. చాయ్ ఒలకలేదు. నీ వయసులో మనసు పారేసుకోవడానికి అంతకంటే ఏం కావాలి? కొనొద్దని చెప్పడానికి రాయడం లేదు. కొను. మన హైదరాబాద్ పాతబస్తీలో, ఆలియాబాద్, షాలిబండ గల్లీల్లో పుట్టిన పిల్లవాడు బండి మీద కాక గుర్రం మీద మోజుపడ్డాడంటే నాకు సంతోషమే.

అయితే నీకు తబేలా అద్దె తెలుసు, దాణా ఖర్చు తెలుసు, బేరం చేయడం నాకంటే బాగా తెలుసు. తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. గుర్రానికి ఎన్ని నడకలున్నాయి, ఏ నడకలో ఏ కాలు ముందు పడుతుంది, ఏది దానికి సహజం, ఏది మన బలవంతం. ఇది తెలియకుండా జీను వేస్తే ఏడాది తిరక్కముందే మంచి గుర్రం పాడవుతుంది. బతుకంతా గుర్రాల మధ్య గడిపినవాణ్ని, అట్లా పాడైన వాటిని చూసి ఊరుకోలేక రాస్తున్నా.

మన దగ్గర సవారీ నేర్పేవాళ్లు నాలుగు చాళ్లు, అంటే నడకలు, చెప్తారు: కదమ్, దుల్కీ, పోయ, సర్పట్. ఇవి దాదాపు ప్రతి గుర్రానికీ ఉంటాయి. మార్వాడి, కాఠియావాడి జాతుల్లో కొన్నింటికి వీటి మీద ఇంకోటి పుట్టుకతో వస్తుంది, అదే రహ్వాల్. నువ్వు వీడియోలో చూసింది ఆ ఐదోదాన్ని. ఆ ఒక్కదాని కోసమే గుర్రాన్ని కొంటున్నావు. నేను మాత్రం మొదటిదాని దగ్గర మొదలుపెట్టమంటున్నా.

కదమ్ అంటే మామూలు నడక. చూడటానికి ఏమీ ఉండదు, అందుకే ఎవరూ చూడరు. తెల్లవారకముందు, దుకాణాల షట్టర్లు లేవకముందు, గుర్రాన్ని చేత్తో పట్టుకుని గల్లీలో నడిపించు. రెండు వైపులా గోడలుంటే గిట్టల చప్పుడు నిక్కచ్చిగా వినిపిస్తుంది. కళ్లు మూసుకుని విను. ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనక కాలు, కుడి ముందు కాలు. నాలుగు దెబ్బలు, నాలుగూ విడివిడిగా, నాలుగింటి మధ్యా ఒకే ఎడం. ఒక దెబ్బ తేలిగ్గా, పక్కది బరువుగా పడితే ఎక్కడో నొప్పి ఉన్నట్టు. అప్పుడు తల చూడు. ముందు కాలు నొప్పిగా ఉన్న గుర్రం ఆ కాలు నేల మీద ఆనించినప్పుడల్లా తల పైకెత్తుతుంది, బాగున్న కాలు ఆనించినప్పుడు దించుతుంది. తల ఊగే గుర్రాన్ని చూసి "ఎంత ఠీవిగా నడుస్తోంది" అని మురిసిపోయేవాళ్లు మన బరాత్‌లలో ఎంతమందో.

చెవితో అయ్యాక కంటితో చూడు. మెత్తటి మట్టి ఉన్నచోట ఒక వార నేల చదును చేసి, దాని మీదుగా నడిపించు. ముందు గిట్ట వదిలిన అచ్చు మీద వెనక గిట్ట పడుతుందా, దాన్ని దాటి ముందుకు పడుతుందా, వెనకే ఆగిపోతుందా? దాటి పడిందంటే ఆ గుర్రానికి తుంటి, నడుము వదులుగా ఉన్నాయి, అడుగు నిడివి ఉంది. ఆగిపోయిందంటే వెన్ను బిగుసుకుంది, లేదా గిట్టలు బాగా పెరిగాయి, లేదా ఎవడో లగాంతో నోరు పాడుచేశాడు. ఇంక జీను మీద కూర్చున్నాక నీ తుంటి ఎముకలతో విను. గుర్రం వెనక కాలు గాల్లోకి లేచి ముందుకొస్తున్నప్పుడు ఆ వైపు నీ తుంటి కొద్దిగా కిందికి దిగుతుంది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. కిందికి చూడకుండా ఇప్పుడు ఏ కాలు గాల్లో ఉందో చెప్పగలిగిన రోజు నీకు సవారీ మొదలైనట్టు లెక్క. అంతవరకూ నువ్వు గుర్రం మీద కూర్చున్న మూటవే.

దుల్కీ సంగతి. ఎడమ ముందు కాలూ కుడి వెనక కాలూ ఒకేసారి, తర్వాత కుడి ముందు కాలూ ఎడమ వెనక కాలూ ఒకేసారి. రెండే దెబ్బలు. నడుమ ఒక క్షణం నాలుగు కాళ్లూ గాల్లో ఉంటాయి, అందుకే కూర్చున్నవాడు ఎగిరిపడతాడు. రికాబుల మీద లేచి కూర్చుంటూ ఆ ఎగుడుదిగుడును మింగడం నేర్చుకోవాలి. పాతబస్తీ కుర్రాళ్లకు దుల్కీ అంటే చిన్నచూపు. సుఖం లేదని, చూడ్డానికి బాగుండదని. అది తప్పు. దూరం పోవాల్సిన ఫౌజు దుల్కీ మీదనే బతికింది. వందల గుర్రాలు ఒకే వేగంతో, ఒకే వరసలో పోవాలంటే అన్నిటికీ వచ్చిన నడక కావాలి కదా. మన నిజాం ఫౌజులో ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు మొదటి ప్రపంచ యుద్ధంలో సూయజ్, పాలస్తీనా దాకా పోయారు. జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లతో కలిసి ఒకే బ్రిగేడ్. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టణం మీద దాడి చేసింది ఆ రెండు దళాలే గానీ, ఆ మూడు సంస్థానాల పేరు మీద 1922లో ఢిల్లీలో నిలబెట్టిన తీన్‌మూర్తిలో ఒక సిపాయి మన హైదరాబాదువాడే. ఎప్పుడైనా అటు పోతే ఆగి చూడు.

దుల్కీ ఇంకో పనికొస్తుంది. కుంటును పట్టివ్వడానికి. ఆ రెండు దెబ్బలు సమానంగా ఉండాలి కాబట్టి ఏ కాస్త తేడా ఉన్నా బయటపడుతుంది. పశువుల డాక్టరు గుర్రాన్ని గట్టి నేల మీద దుల్కీలో పరిగెత్తించమనేది అందుకే. రహ్వాల్ ఒక్కటే నేర్పి దుల్కీ మరిపించిన గుర్రానికి నొప్పి వస్తే, ఆ నొప్పి ఎక్కడుందో కనిపెట్టడం డాక్టరుకూ కష్టమే.

పోయలో మూడు దెబ్బలు, తర్వాత ఒక విరామం. ఎడమ చేతి వైపు తిరిగేటప్పుడు కుడి వెనక కాలు మొదలుపెట్టాలి, తర్వాత ఎడమ వెనక కాలూ కుడి ముందు కాలూ కలిసి పడాలి, చివర ఎడమ ముందు కాలు. తప్పు కాలు ముందుంటే మలుపులో తూలుతుంది. సర్పట్ అంటే పందెపు పరుగు, దాని గురించి నీకు ఎక్కువ చెప్పను. అది మలక్‌పేట సొత్తు. మౌలాలిలో 1868లో మొదలైన పందేలను ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో మలక్‌పేటకు తెచ్చాడు. అక్కడ పరిగెత్తే గుర్రాలు గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకుంటాయి. పందేలు మానేసిన గుర్రాలు చేతులు మారి మన వైపు వస్తుంటాయి. వాటి నడక మంచిది, పోయ మంచిది. కానీ వాటిలో రహ్వాల్ వెతకొద్దు, వాటి జాతిని పెంచింది అందుకు కాదు. "నేర్పిస్తే వస్తుంది" అని చెప్పేవాడి దగ్గర ఒక్క నిమిషం కూడా నిలబడొద్దు.

ఇప్పుడు నువ్వు ఎదురుచూస్తున్న రహ్వాల్‌కే వస్తా. బోనాల నాడు లాల్‌దర్వాజాలో బోనమెత్తిన ఆడవాళ్లను చూస్తూ పెరిగావు. కాళ్లు గబగబా పడుతుంటాయి, నడుము ఆడుతుంటుంది, నెత్తి మీద దీపం మాత్రం కదలదు. మంచి రహ్వాల్ అట్లాంటిది. కాళ్ల వరస కదమ్‌లో ఉన్నదే, వేగం మాత్రం దుల్కీది, కొన్నిసార్లు పోయది. ఎంత వేగం పోయినా ఏదో ఒక కాలు నేల మీదే ఉంటుంది. నాలుగు కాళ్లూ గాల్లో ఉండే క్షణం లేదు కాబట్టి గుర్రం వెన్ను పైకీ కిందికీ ఎగరదు. వీడియోలో ఆ చాయ్ ఒలకకపోవడానికి కారణం ఇంతే.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, దీన్ని పట్టుకో. చాళ్లను ఒక గీత మీద పెట్టి చూడు. గీతకు ఈ చివర దుల్కీ ఉంది, మూల మూలకు కాళ్లు కలిసేది. ఆ చివర ఇంకో చాల్ ఉంది, ఒకే పక్క రెండు కాళ్లు ఒకేసారి పడేది. ఎడమవి రెండూ, కుడివి రెండూ, ఒంటె నడిచినట్టు. ఈ రెండు చివరల నడుమ నాలుగు దెబ్బలు సమానంగా విడిపోయే చోటు ఒకటుంది. అసలైన రహ్వాల్ అక్కడ ఉంటుంది. గుర్రం భయపడ్డా, అలిసిపోయినా, తల ఎత్తి వెన్ను కిందికి గుంట చేసుకున్నా ఒంటె నడక వైపు జారుతుంది. పైకి నున్నగా పోతున్నట్టే ఉంటుంది, కూర్చున్నవాడు మాత్రం పక్కకూ పక్కకూ ఊగుతాడు. వెన్ను బాగా గుండ్రంగా ఎత్తి మెడ వంచితే దుల్కీ వైపు జారుతుంది. అమ్మేవాళ్లలో చాలామంది ఆ ఒంటె నడకనే రహ్వాల్ అని అమ్ముతారు. మీ అమ్మ పంపిన వీడియోలో శబ్దం తీసేసి పాట పెట్టారు. ఆ పాట కింద ఏముందో వినకుండా నేను ఏ గుర్రాన్నీ మెచ్చుకోను.

చెవితో పరీక్షించడం నా చాదస్తం అనుకోకు. కొలంబియా, పోర్టోరికోల్లో పాసో ఫీనో అనే జాతి ఉంది. పోటీల్లో దాన్ని నేల మీద పరిచిన చెక్క పలకల మీదుగా నడిపిస్తారు. న్యాయనిర్ణేతలు ఆ చెక్క మీద పడే దెబ్బలు వింటారు. దెబ్బల మధ్య ఎడం తప్పిందా, మార్కులు పోయాయి. ఐస్‌లాండ్ గుర్రాల్లో చాలావాటికి సవారీ కింద ఐదు చాళ్లు ఉంటాయి: నడక, దుల్కీ, పోయ, టోల్ట్ అనే నాలుగు దెబ్బల చాల్, ఇంకా ఒకే పక్క కాళ్లు కలిపి ఎగిరి పరిగెత్తేది. అక్కడివాళ్లు ఉన్నవన్నీ నేర్పుతారు. ఒకదాని కోసం ఇంకొకదాన్ని చంపరు.

ఇట్లాంటి చాళ్లు పుట్టుకతో రావచ్చనడానికి ఆధారముంది. 2012లో స్వీడన్ ఉప్సాలా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు గుర్రాల్లో డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో ఒక మార్పును కనిపెట్టారు. వెన్నుపాములో కాళ్ల కదలికను సర్దే నరాల మీద అది పని చేస్తుంది. ఏ కాలు ఏ కాలుతో కలిసి కదలాలన్న కట్టడి ఆ మార్పు ఉన్న గుర్రాల్లో సడలుతుంది. అందుకే వాటికి మామూలు గుర్రాలకు రాని చాళ్లు వస్తాయి. ఇంగ్లండ్‌లోని యార్క్‌లో దొరికిన 9వ శతాబ్దపు గుర్రపు ఎముకల్లో కూడా ఆ మార్పు కనిపించింది. అంటే వెయ్యేళ్లకు పైగా మనుషులు దీన్ని ఏరి, దాచి, పెంచుకుంటూ వచ్చారు. తల్లి కడుపులో వచ్చినదాన్ని కొరడాతో తేలేము. ఉన్నదాన్ని పాడు చేయడం మాత్రం చాలా తేలిక.

మనవాళ్లు కూడా గుర్రపు నడకను ఊరికే చూడలేదు. అమరకోశం అశ్వగతులను ఐదుగా లెక్కపెట్టి పంచధారలంది: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. కల్యాణి నుంచి ఏలిన చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన మానసోల్లాసంలో గుర్రపు సవారీ వినోదానికి ఒక అధ్యాయమే ఉంది. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం రాశాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది మన ఛందస్సు. రగడల్లో రెండింటికి గుర్రం పేరే పెట్టారు, హయప్రచారమనీ తురగవల్గనమనీ. రెండూ మూడు మాత్రల అడుగుల మీద నడుస్తాయి. మొదటిదానికి పాదానికి నాలుగు అడుగులు, రెండోదానికి ఎనిమిది. నాకు సవారీ నేర్పిన ఉస్తాద్‌కు చదువు లేదు, రగడ అంటే తెలియదు. కానీ పోయలో ఉన్న గుర్రం పక్కన పరిగెత్తుతూ నోటితో మూడేసి దెబ్బలు లెక్కపెట్టేవాడు, లెక్క తప్పితే గుర్రాన్ని ఆపేసేవాడు. పండితుడూ ఆయనా ఒకే చప్పుడును విన్నారు.

ఇప్పుడు బాధ కలిగించే మాట చెప్తాను, తప్పదు. గుర్రం నడక మీద మోజు ఎక్కడ పెరిగితే అక్కడ దాన్ని హింసించేవాళ్లు పుట్టుకొస్తారు. అమెరికాలో టెనెసీ వాకింగ్ హార్స్ అనే జాతికి సహజంగా అందమైన నాలుగు దెబ్బల నడక ఉంది. పోటీల్లో ముందు కాళ్లు ఇంకా పైకి లేవాలన్న ఆశతో కొందరు గిట్టల పైభాగాన మండే రసాయనాలు పూసి, దాని మీద గొలుసులు కట్టారు. కాలు నేల మీద ఆనించలేక గుర్రం పైకెత్తేది, చూసేవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. దాన్ని ఆపడానికి ఆ దేశం 1970లో చట్టమే చేయాల్సి వచ్చింది. అది ఎక్కడో దూరంలో అనుకోకు. బరాత్‌లో గుర్రం మార్ఫా వాయిద్యం దెబ్బకు ఎగరాలని కాళ్లకు బరువులు కట్టి నేర్పించేవాళ్లను నేను చూశాను. నోటిలో ముళ్ల లగాం పెట్టి, నాలుక చీరుకుని నెత్తురు నురగ వస్తుంటే "జోరు మీదుంది" అని చెప్పేవాళ్లను చూశాను. ముళ్లు, మొనలు ఉన్న లగాం వాడకూడదని మన దేశంలో 1965 నుంచి నిబంధన ఉంది. నీకు గుర్రం అప్పగించేవాడు దానితోపాటు అలాంటి లగాం ఇస్తే తీసుకోకు. ఒకవేళ ఇంటికి చేరితే పారెయ్, ఇంకొకడికి అమ్మకు.

రహ్వాల్ తెప్పించడానికి కూడా ఇట్లాంటివే చేస్తారు. ఒకే పక్క కాళ్లు రెండింటికీ తాడు కట్టి నడిపిస్తారు. తల బలవంతంగా పైకి లాగి కట్టేస్తారు. సవారీ చేసేవాడు కాళ్లు ముందుకు చాచి, వెనక్కి వాలి, బరువంతా నడుము మీద వేస్తాడు. జీనుకు వెనక ఉండే ఆ భాగానికి కింద ఆసరాగా పక్కటెముకలు లేవు. కొన్నాళ్లు బాగానే పోతుంది. తర్వాత వెన్ను నొప్పి, తర్వాత వెనక కాళ్లు ఈడ్చడం, తర్వాత జీను చూస్తేనే చెవులు వెనక్కి పెట్టి కొరకడం. అప్పుడు "ఈ గుర్రానికి పొగరు" అంటారు. పొగరు కాదు బిడ్డా, నొప్పి.

నువ్వు చేయాల్సింది వేరు. జీను భుజపుటెముక కదలికకు అడ్డం రాకుండా, అదే సమయంలో నడుము మీదికి జారకుండా అమర్చు. నిటారుగా కూర్చో, చెవి, భుజం, తుంటి, మడమ ఒకే గీతలో. మొదటి నెలలన్నీ కదమ్ ఒక్కటే. నెమ్మది కదమ్, పెద్ద అడుగుల కదమ్, మలుపుల కదమ్, ఆగి మళ్లీ బయల్దేరే కదమ్. పెద్ద అడుగుల కదమ్‌ను కాలితో కొంచెం కొంచెం పెంచుకుంటూ పో. దుల్కీలోకి దూకబోయే ముందు ఒక క్షణం వస్తుంది. అక్కడ పగ్గాన్ని లాగకుండా వేళ్లతో మాత్రం మూసి, మళ్లీ తెరువు. పుట్టుకలో రహ్వాల్ ఉన్న గుర్రం అక్కడ నాలుగైదు అడుగులు దాన్ని చూపిస్తుంది. ఆ నాలుగైదు అడుగులు చాలు. పగ్గం వదిలి, మెడ తట్టి, నడకకు రానివ్వు. రేపు పది అడుగులు ఇస్తుంది. ఆశపడి మొదటిరోజే గల్లీ చివరిదాకా లాగావంటే అలసట వస్తుంది, అలసటతో వెన్ను గుంటపడుతుంది, ఒంటె నడక మొదలవుతుంది. అది అలవాటైతే విడిపించడం మహా కష్టం.

ఒంటె నడక వైపు జారే గుర్రానికి నేల మీద వెదురు బొంగులు దూరం దూరంగా పరిచి వాటి మీదుగా నడిపించు, కాళ్లెత్తడానికి అది జతలను విడదీసుకోవాల్సి వస్తుంది. చిన్న ఎత్తు మీదికి ఎక్కించు. దుల్కీ వైపు జారేదాన్ని మెల్లగా పల్లానికి దించుతూ రహ్వాల్ అడుగు. వారంలో కొన్ని రోజులు రహ్వాల్ ఊసే ఎత్తకుండా దుల్కీ, పోయ చేయించు. అన్ని చాళ్లూ ఉన్న గుర్రం ఏ కండరాన్నీ అతిగా అరగదీసుకోదు. మూడేళ్ల పిల్ల మీద పెద్ద సవారీ వద్దు. గుర్రం వెన్నెముక ముదరడానికి ఐదేళ్లు దాటుతుంది. దాని బరువులో ఐదో వంతు మించకుండా నీ బరువూ జీను బరువూ కలిపి చూసుకో. 380 కిలోల గుర్రానికి 76 కిలోలు. నువ్వు ఆ గీత దగ్గరే ఉన్నావు, బిర్యానీ తగ్గించు అని పెద్దవాడిగా చెప్పే హక్కు నాకుంది.

మన వీధుల గురించి. చార్మినార్ చుట్టూ పరిచిన గ్రానైట్ రాయి మీదికి గుర్రాన్ని తీసుకుపోవద్దు. నున్నటి రాయి మీద ఇనుప లాడం ఆగదు, చినుకు పడితే అసలే ఆగదు. ఫొటో కోసం అక్కడికి తీసుకుపోయి గుర్రం మోకాళ్లు చెక్కుకుపోయిన సంగతులు విన్నాను. తారు రోడ్డు మీద కదమ్ తప్ప ఇంకేం వద్దు. రహ్వాల్‌లో ఎగరడం లేదు కదా అని తారు మీద గంటసేపు పోతే, నీకు సుఖంగానే ఉంటుంది, దాని గిట్టలకూ కీళ్లకూ ప్రతి దెబ్బా తగులుతూనే ఉంటుంది. వేగం కావాలంటే బార్కస్ దాటి మట్టి దొరికే చోటికో, హిమాయత్‌సాగర్ వైపుకో పో. ఎండ ఎక్కకముందే తిరిగి రా. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిది తర్వాత జీను వేయకు.

2024 జనవరి మొదటి వారంలో లారీ డ్రైవర్ల సమ్మెకు పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరితే, చంచల్‌గూడలో ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి ఫుడ్ పార్సిల్ తీసుకుపోయాడు. ఊరంతా ఆ వీడియో చూసింది, నువ్వూ చూసే ఉంటావు. నేను చూసింది ఆ గుర్రాన్ని. పక్కన ఆటోలు, స్కూటర్లు రాసుకుని పోతున్నా దాని మెడ బిగుసుకోలేదు. పాతబస్తీ ట్రాఫిక్‌లో పనికొచ్చేది ఆ నెమ్మది. మొహర్రం ఊరేగింపులోనో వినాయక నిమజ్జనంలోనో గుర్రప్పోలీసులు నిలబడినప్పుడు గమనించు, గంటల తరబడి ఆ గుర్రాలు చేసేది నిలబడటం, నడవడం. ఆ రెండూ బాగా వచ్చిన గుర్రమే ఇంతమంది జనంలో ఎవరి పిల్లవాడినీ తొక్కకుండా ఇంటికొస్తుంది.

కొనే విషయం. నాందేడ్ దగ్గర మాలేగావ్ ఖండోబా జాతరకు పోదామని నీ దోస్తులు అంటారు. పోవచ్చు, మంచి గుర్రాలు వస్తాయి. అక్కడ బేరగాళ్లు ముందు సుడులు చూపిస్తారు. నుదుటి సుడి, మెడ సుడి, ఏది లక్ష్మి, ఏది అరిష్టం. మన పాత శాస్త్రాల్లోనూ అవి ఉన్నాయి, కాదనను. సుడి బాగుందని కాళ్లు చూడకుండా డబ్బు కట్టడం మాత్రం నేను ఒప్పుకోను. చెవుల కొనలు ఒకదానికొకటి తగులుతున్నాయా అన్నది కూడా చివర్లో చూడు. గిట్ట ఎత్తి అడుగు చూడు, వాసన చూడు, కుళ్లు వాసన ఉందా. లాడం ఎక్కడ ఎక్కువ అరిగిందో చూడు, ఆ కాలి మీద బరువు ఎట్లా వేస్తుందో అది చెప్తుంది. వెన్ను మీద జీను వేసే చోట బొటనవేలితో నొక్కుతూ పో. ఉలిక్కిపడితే, వెన్ను కుంగదీస్తే, అమ్మేవాడు ఎంత తియ్యగా మాట్లాడినా చెయ్యి వెనక్కి తీసుకో. జీను మచ్చలు తెల్లటి వెంట్రుకలై ఉంటాయి, వాటిని రంగు వేసి దాస్తారు. తడి గుడ్డతో తుడిచి చూడు.

ఇంకొకటి, నువ్వు ఇంకా ఆలోచించి ఉండవు. గుర్రం పాతికేళ్లకు పైగా బతుకుతుంది. దాని రహ్వాల్ పదిహేనేళ్ల తర్వాత ఇప్పటిలా ఉండదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు మన పెద్దలు. నీకు పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు, ఉద్యోగం ఏ ఊరికో మారుతుంది. అప్పుడు ఉలవలు, గడ్డి, లాడాలు కొట్టేవాడి కూలి ఎవరిస్తారు? మీ అమ్మను అడిగి, ఆమె ఒప్పుకున్నాకే బయానా ఇవ్వు. ఆమెకు చెప్పకుండా తెచ్చి ఆమె మెడకు చుట్టకు.

ఈ శుక్రవారం నాకు వీలుంటుంది. అమ్మేవాడికి ఫోన్ చేసి, మనం వచ్చేదాకా గుర్రాన్ని తబేలా నుంచి బయటికి తీయొద్దని చెప్పు. ముందే తిప్పి, చెమట పట్టించి, ఒళ్లు వదులు చేసి పెడితే కుంటు కనిపించదు. మనం పోయేసరికి దాని కాళ్లు చల్లగా ఉండాలి. జీను వేయక ముందు చేత్తో నడిపించమందాం, తర్వాత దుల్కీ, తర్వాత పోయ రెండు వైపులా. రహ్వాల్ చివర్లో అడుగుదాం. నీ ఫోన్‌లో వీడియో తీయి, ఈసారి శబ్దంతో.